అనుభవం లేకుండా ఆ రాత్రి రాయలేనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి రాసిన పొడుగాటి ఉత్తరం ఇది. పేరూ ఊరూ తీసేసి క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమె మారుపేరుతో ఒక కథల యాప్‌లో సీరియల్ రాస్తున్నారు. నాయిక నరసరావుపేటలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకునే ముప్పై రెండేళ్ళ మనిషి. నాయకుడు లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా, భార్య పోయి నాలుగేళ్ళయింది. ముప్పై ఎనిమిదో భాగంలో ఇద్దరికీ రిజిస్టర్ పెళ్ళయింది. ముప్పై తొమ్మిదిలో తొలిరాత్రి రాశారు. అంతవరకూ మెచ్చుకున్న పాఠకులే “ఇది రాసినవాళ్ళకి ఏమీ తెలియదు” అన్నారు. ఒకావిడ “పాత సినిమాలో రెండు పువ్వులు చూపించినట్టుంది” అని రాసింది. “నిజంగానే నాకేమీ తెలియదు. నేనింతవరకు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు” అంటున్నారామె.

ఆ వారంలోనే ‘సయివ్’ అనే థాయ్ సినిమా చూశారు. అందులో నాయిక కాలేజీ అమ్మాయి, శృంగార పత్రికకు కథలు రాస్తుంది, ఆ అనుభవం మాత్రం లేదు. “అది నా కథే అనిపించింది. అయితే అనుభవం తెచ్చుకుంటే తప్ప రాయలేనా?” అన్నది మొదటి ప్రశ్న. అదే యాప్‌లో రాసే ఒక సీనియర్ రచయిత “అనుభవం లేకుండా నీకు రాదు, ఒకసారి కలువు, నేను చెప్తాను” అని మెసేజ్‌లు పెడుతున్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. తెలిస్తే ఏమవుతుందో, ఇలాంటివి రాస్తే కేసులు పెడతారేమో అని భయం. ఆ భాగం తీసేయాలా, ఇంగ్లీషు నవలల నుంచి ఏదైనా మలుచుకోవాలా, అసలు రాయడమే మానేయాలా అని అడుగుతున్నారు. ముప్పై తొమ్మిదో భాగం కూడా జత చేశారు.

జవాబు: మీ ఉత్తరం, ఆ భాగం రెండూ శ్రద్ధగా చదివాను. అన్నిటికంటే ముందు ఆ సీనియర్ సంగతి, ఎందుకంటే అది ఆగేది కాదు. అతన్ని కలవకండి. చేయి తిరిగిన రచయిత కొత్తవాళ్ళకి సాయం చేయాలనుకుంటే రాసిన పేజీ అడుగుతాడు, ఎక్కడ తప్పిందో ఆ పేజీ మీదే చూపిస్తాడు. ఇతను పేజీ అడగలేదు, మిమ్మల్ని అడిగాడు. మెసేజ్‌లన్నీ తేదీ, అతని ప్రొఫైల్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్లోనూ మెయిల్లోనూ దాచండి. తర్వాత “ఇకపై నాకు మెసేజ్ చేయవద్దు” అని ఒక్క వాక్యం పంపి బ్లాక్ చేయండి. ఆ వాక్యం ఎందుకంటే, మీరు వద్దని స్పష్టంగా చెప్పినా అతను వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరమవుతుంది. వద్దన్న రుజువు మీ దగ్గరుండాలి. బ్లాక్ చేశాక వేరే ఖాతాతో వచ్చినా, మీ అసలు పేరు బయటపెడతానని బెదిరించినా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలపై నేరాల విభాగం కింద ఫిర్యాదు చేయవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ఫిర్యాదు చేస్తే మీ అసలు పేరు చెప్పాల్సి రావచ్చు, స్టేషన్ నుంచి ఫోనూ రావచ్చు. అందుకు సిద్ధంగా లేకపోతే ప్రస్తుతానికి యాప్ వాళ్ళకి రిపోర్టు చేసి ఆగండి, కానీ స్క్రీన్‌షాట్లు చెరపకండి.

ఇక సినిమా. ‘సయివ్’ 2003లో వచ్చింది. కాంగ్‌దేజ్ జాతురన్‌రస్మీకి దర్శకుడిగా అదే మొదటి చిత్రం, మరొకరితో కలిసి తీశాడు. ‘స్నాప్’, ‘వేర్ వుయ్ బిలాంగ్’ లాంటి నెమ్మదైన చిత్రాలతో తర్వాత పేరు తెచ్చుకున్నాడు. మీరు ఆ అమ్మాయిలో మిమ్మల్ని చూసుకోవడం సహజమే. కానీ ఆమె చేసే పనికీ మీ పనికీ తేడా ఉంది. ఆమె రాసేది పెద్దలకు మాత్రమే అమ్మే పత్రికకు. అలాంటి పత్రికల్లో కథ చాలావరకు ‘నాకు నిజంగా జరిగింది’ అన్న వేషం వేసుకుంటుంది. కొనేవాడికి కావలసింది ఆ వేషం. పాత్రకు ముందూ వెనకా ఉండనక్కర్లేదు, వచ్చే నెల ఇంకో పాత్ర. అక్కడ రచయితకి అనుభవం లేకపోవడం సరుకులో లోపంలాగే కనిపిస్తుంది. మీ పాఠకులు ఆ టైలరమ్మ వెంట ముప్పై ఎనిమిది భాగాలు నడిచి వచ్చారు. వాళ్ళకి కావలసింది మీ అనుభవం కాదు, ఆమెది.

ముప్పై తొమ్మిదో భాగంలో జరిగింది కూడా అదే. ఆ పన్నెండు వందల మాటల్లో నాయిక పేరు రెండుసార్లే వచ్చింది. అంతకుముందు అద్దె పెంచిన షాపు ఓనరుతో నిలబడి వాదించిన మనిషి, బాకీ పుస్తకంలో ఎవరెంత ఇవ్వాలో నోటికి చెప్పే మనిషి, ఆ గదిలోకి వెళ్ళగానే నోరు పోగొట్టుకుంది. వెన్నెల వచ్చింది, వీణలు మోగాయి, ఆమె మైమరచిపోయింది. ఆ గదిలో ఏ ఇద్దరున్నా అదే భాగం సరిపోతుంది. పాఠకులకి తగిలిన వెలితి ఇదే, వాళ్ళు దానికి ‘తెలియదు’ అని పేరు పెట్టారు. చదివేవాళ్ళు ఎక్కడ నొప్పి పుట్టిందో దాదాపు ఎప్పుడూ సరిగ్గానే చెప్తారు, కారణం మాత్రం తరచుగా తప్పు చెప్తారు.

అనుభవం తెచ్చుకోవడం గురించి. మీరు మేజరు, మీకు ఇష్టమైన మనిషితో మీ జీవితం మీ నిర్ణయం. దాని మీద నేను తీర్పు చెప్పను. అయితే ఒక భాగం రాయడానికని మొదలుపెడితే ఆ పని నెరవేరదు. మీకు దొరికేది ఇరవై నాలుగేళ్ళ మీ అనుభవం. పదేళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ తీస్తూ, తనని మాత్రం ఎవరూ ముట్టుకోని మనిషికి, ముప్పై రెండో ఏట, భార్య జ్ఞాపకాలున్న మగవాడి పక్కన ఏమనిపిస్తుందో అది చెప్పదు. పైగా కొత్త అనుభవం ఉన్నవాళ్ళు తమకు జరిగిందే పాత్రకి అంటగడతారు. అప్పుడు ఆ దృశ్యం నిజమే అవుతుంది గాని ఆ నవలలో ఇమడదు.

మన దగ్గర అందరికీ తెలిసిన ఐతిహ్యం ఒకటుంది. మండనమిశ్రుడి భార్య ఉభయభారతి వాదంలో కామశాస్త్రం మీద ప్రశ్నలడిగితే సన్యాసి అయిన ఆది శంకరుడు గడువు అడిగి, చనిపోయిన అమరుక రాజు దేహంలో ప్రవేశించి, తెలుసుకుని వచ్చాడంటారు. శృంగార పద్యాల అమరుశతకం ఆ రాజు పేరు మీదే ఉంది. దీన్ని ‘అనుభవం ఉండాల్సిందే’ అనడానికి ఉదాహరణగా చెప్తుంటారు. నాకు మాత్రం ఆయన ఎంచుకున్న దారి ముఖ్యమనిపిస్తుంది: ఇంకొకరి దేహంలోకి, ఇంకొకరి ఇంట్లోకి, ఇంకొకరి భార్యల మధ్యకి వెళ్ళడం. నవల రాసేవాళ్ళ పని అచ్చంగా ఇదే. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య మగవాడై ఉండి, అలిగిన ఆడదాని గొంతుతో, డబ్బు లెక్క చూసుకునే వేశ్య గొంతుతో, మొగుడి కంట పడకుండా వచ్చిన ఇల్లాలి గొంతుతో పదాలు కట్టాడు. అవన్నీ ఆయన అనుభవాలు కానక్కర్లేదు. ఒక్కో పదంలో మాట్లాడే ఆడదానికి ఒక పరిస్థితి ఉంది, ఒక ఫిర్యాదు ఉంది. శృంగారం అందులోంచి పుట్టింది.

కాబట్టి తిరగరాయడం ఎలాగో చెప్తాను. కొత్తగా ఒక పేజీ తీసి, కథలోకి వెళ్ళేది కాదు, మీ కోసం మాత్రమే, ఆ రాత్రి ఆమెకి ఏం కావాలో, ఏమంటే భయమో, అతనికి ఏం కావాలో, ఏం దాస్తున్నాడో రాసుకోండి. చివర్లో, తెల్లారేసరికి వీళ్ళిద్దరి మధ్య ఏం మారాలో ఒక వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే ఆ దృశ్యం కథకి అక్కర్లేదు, తలుపు దగ్గర ఆపేయడమే మంచిది. రాయగలిగితే దృశ్యం ఉండాలి.

తర్వాత మొదటి చిత్తు మాటలతోనే రాయండి. వర్ణన ఒక్కటీ వద్దు, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో అంతే. ఆమె మాట్లాడే మనిషి కదా. మొదటి భార్య ఫోటో ఆ గది గోడకి ఉందా? ఎవరు తీస్తారు, తీయమని ఎవరైనా అంటారా? హాల్లో అత్తగారు పడుకుంటే గొంతు ఎంత తగ్గించాలి? ఇవి తేలకుండా మీరు నేరుగా ఒంటి దగ్గరికి వెళ్ళిపోయారు. మొత్తం పన్నెండు వందల మాటలైతే ఏడు వందల దాకా ముట్టుకోకముందే గడవాలి, మూడు వందలు ముట్టుకున్నాక, మిగతా రెండు వందలు ఆ తర్వాత. ఇది శాస్త్రం కాదు గాని కొత్తగా రాసేవాళ్ళని బాగా కాపాడుతుంది. మీ భాగంలో ఇది తలకిందులైంది. ‘ఆ తర్వాత’ అసలు లేనే లేదు. ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు మంచినీళ్ళకి లేచారు అన్నచోటే ఆ మారిన సంగతి కనబడుతుంది.

రెండో చిత్తులో చేతులూ బట్టలూ చూసుకోండి. ఈ రకం దృశ్యాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. లైటు వెలుగుతోందా, తలుపు గడియ ఎవరు వేశారు, ఎవరు ఏ వైపు కూర్చున్నారు అని మార్జిన్‌లో రాసుకుని వాక్యం వాక్యం సరిచూడండి. మీ భాగంలో అతని కుడిచెయ్యి ఆమె భుజం మీద ఉండగానే అదే చేత్తో దీపం ఆర్పాడు. చీర పిన్నులతో ఉంటుంది, భుజం దగ్గర ఒకటి, కుచ్చిళ్ళ దగ్గర ఒకటి. అవి తీయకుండా చీర ‘జారిపోదు’. గుచ్చుకుంటుంది, లేదా గుడ్డ చిరుగుతుంది. మీ నాయిక టైలరు! ఆమె రవికకి హుక్కులు ముందున్నాయో వెనకున్నాయో ఆమె కుట్టిందే కాబట్టి ఆమెకి తెలుసు, అతనికి తెలియదు. అతను తడబడితే ఆమె నవ్వవచ్చు, సాయం చేయవచ్చు, చేయకుండా చూడవచ్చు. ఆ మూడింటిలో ఏది రాస్తారన్నదే ఆమె ఎవరో చెప్తుంది. ఇంత మంచి సరుకు మీ నవలలోనే ఉండగా ఇంగ్లీషు నవలల దగ్గరికి ఎందుకు వెళ్ళాలి? అక్కడి నుంచి తెచ్చుకుంటే దొంగతనం ఒక తప్పు. రెండోది, పేర్లు మనవే ఉంటాయి గాని, హాల్లో అత్తగారు ఉండదు, గోడలు పల్చగా ఉండవు, కరెంటు పోదు. మీ పాఠకులు రెండో వాక్యంలోనే పట్టేస్తారు.

మూడో చిత్తులో విశేషణాలు తీసేయండి. ‘మధురమైన’, ‘తీయని’, ‘వర్ణించలేని’ ఎక్కడున్నా కొట్టేసి, అక్కడ మిగిలింది ఏమైనా ఉందా చూడండి. మాటల ఎంపికలో మీకున్న ఇబ్బంది నాకర్థమైంది. ప్రబంధాల మాటలు ఆ గదికి దూరం, వీధి మాటలు తిట్లలా వినిపిస్తాయి. ఆమె మనసులో ఎలా అనుకుంటుందో ఆ మాటే వాడండి, పేరు పెట్టకుండా గడిచిపోయే చోట పెట్టకండి. ‘నడుము’, ‘మెడ’, ‘అరిచెయ్యి’ చాలా దూరం తీసుకెళ్తాయి.

తెలియని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, అవి కల్పనతో తీరవు, తెలుసుకోవాలి. మీరు దుప్పటి మీద రక్తం మరక రాశారు. మొదటిసారి కలిసినప్పుడు చాలామందికి రక్తం రాదు. కన్నెపొర సీలులాంటిది కాదు, అది మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది, ఆటల వల్లో మరో కారణం వల్లో ముందే సాగి ఉండవచ్చు. ఆ మరకని పరీక్షగా పెట్టి ఎన్నో ఇళ్ళల్లో ఆడపిల్లల్ని ఏడిపించారు. మీ వేలమంది పాఠకుల ముందు ఆ అబద్ధాన్ని మళ్ళీ నిలబెట్టవద్దని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. నొప్పి కూడా తప్పనిసరి కాదు. భయంతో ఒళ్ళు బిగుసుకోవడం, తొందర, తడి లేకపోవడం దానికి మామూలు కారణాలు. మొదటి రాత్రి ఏమీ జరగకుండా మాటల్లో గడిచిపోవడం ఎన్నో జంటల్లో జరిగేదే. ఇద్దరికీ పిల్లలు కావాలో వద్దో మాట్లాడుకున్నారా, కండోమ్ ఉందా అన్నది ముప్పై దాటిన మనుషులు ఆలోచించే విషయమే. ఇవి స్త్రీవైద్యులు రాసిన పుస్తకాల్లో దొరుకుతాయి. అశ్లీల వీడియోల నుంచి మాత్రం నేర్చుకోకండి. అక్కడి భంగిమలు కెమెరా కోసం పెట్టినవి, కాలం కత్తిరించి అతికించింది, ముందూ వెనకా మాటలుండవు. మీకు కావలసిందల్లా ఆ ముందూ వెనకే.

రాశాక రెండ్రోజులు పక్కన పెట్టి, గట్టిగా చదువుకోండి. ఆ తర్వాత నమ్మకమైన ఒక్క వివాహిత స్నేహితురాలికి ఇచ్చి మూడే అడగండి: ఎక్కడ నమ్మలేకపోయావు, ఎక్కడ దాటేసి చదివావు, ఎక్కడ ఆమె ఆమెలా లేదు? ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, మీకేం ఒరగదు. ఆమె తన సంగతులు చెప్తే వినండి, వాటిని మాత్రం యథాతథంగా కథలో పెట్టకండి. స్నేహం పోతుంది.

తలుపు దగ్గర ఆపేయడం తక్కువ పని అని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. థాయ్ ప్రాచీన కావ్యాల్లో దీనికొక సంప్రదాయమే ఉంది, ‘బోట్ అత్సచన్’ అంటారు. కలయికని నేరుగా చెప్పకుండా గాలివాన, ఎగసే అలలో పడవ, తామరలో తుమ్మెద అంటూ చెప్పుకుపోతారు. ‘ఖున్ ఛాంగ్ ఖున్ ఫేన్’ లాంటి జనం పాడుకున్న కథలోనూ ఇవి ఉన్నాయి. దాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చుకి సిద్ధం చేసిన డామ్‌రాంగ్ రాజకుమారుడు మోటుగా తోచిన భాగాలు కొన్ని తీసేశాడు కూడా. ఆ వాన పద్యాలు పనిచేయడానికి కారణం వాటిలో కదలిక ఉండడం: మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, వాన కురుస్తుంది, వెలుస్తుంది. చదివేవాడు వెంట వెళ్ళగలడు. మీ వీణలు మోగుతూనే ఉన్నాయి, ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రతీకే కావాలంటే ఆమె బతుకులోంచి తీసుకోండి. తలుపు దగ్గర ఆపితే కొందరు పాఠకులు కోప్పడతారు, కొందరు వెళ్ళిపోతారు. చట్టం గొడవ దాదాపు ఉండదు, మీకు నిద్ర పడుతుంది. పూర్తిగా రాస్తే పాఠకులు పెరగవచ్చు, ఇలాంటి సీనియర్లు ఇంకొందరు తగలవచ్చు. రెంటికీ మధ్య, మాటల దాకా పూర్తిగా రాసి, ముట్టుకున్నాక రెండు మూడు కచ్చితమైన క్షణాలు మాత్రం చూపి, నేరుగా తెల్లవారుజాముకి వెళ్ళే దారి ఉంది. మీ కథకి అది సరిపోతుందని నా అభిప్రాయం.

కేసుల భయం. ఐటీ చట్టం 67వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో అశ్లీల విషయం ప్రచురించడం గురించి: మొదటి నేరానికి మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. లైంగిక చర్యను స్పష్టంగా చూపేదైతే 67ఎ: ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. సాహిత్యం, కళ, విజ్ఞానం కోసమని రుజువైన వాటికి మినహాయింపు చట్టంలోనే ఉంది. ఏదో ఒక ముక్క విడదీసి కాకుండా మొత్తం రచన సందర్భంలో, ఇప్పటి సమాజ ప్రమాణాలతో చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. మోటు మాటలున్నంత మాత్రాన అశ్లీలం కాదని 2024లో ఒక వెబ్ సిరీస్ కేసులో చెప్పింది. మీ కథలాంటిది కోర్టులో నిలబడగలదనే అనుకుంటాను, కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే కోర్టు దాకా వెళ్ళడమే శిక్ష. అంతకంటే దగ్గర్లో ఉన్నది యాప్ నిబంధన. అది చట్టం కంటే కఠినంగా ఉండవచ్చు, భాగం తీసేయవచ్చు, ఖాతానే ఆపేయవచ్చు. నిబంధనలు చదివి, 18 దాటినవారికి అన్న గుర్తు పెట్టి, మీ ప్రతి వేరుగా దాచుకోండి.

ఒక్క గీత మాత్రం దాటకూడదు. పద్దెనిమిది నిండని పాత్ర ఇలాంటి దృశ్యంలో ఉండకూడదు. పిల్లల్ని లైంగికంగా చూపడం గురించిన ఐటీ చట్టం 67బి సెక్షన్ బొమ్మలకే కాదు, అక్షరాలకి కూడా వర్తిస్తుంది. మీ నాయికకి ముప్పై రెండు, బాధ లేదు. కానీ ఇరవై రెండో భాగంలో ఇంటర్ చదివేప్పటి ప్రేమ ఒకటి గుర్తుచేసుకుంటుందని రాశారు. దాన్ని చూపుల దగ్గరే ఉంచండి.

‘ఇలాంటివి ఆడపిల్ల రాయవచ్చా’ అన్న మీ బెంగకి ముద్దుపళని గుర్తొస్తోంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ఆమె రాసిన ‘రాధికా సాంత్వనము’లో, చేతులారా పెంచిన ఇళ అనే అమ్మాయిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసిన రాధ ఆ తర్వాత పడే కుములాటే కావ్యానికి ప్రాణం. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు ఉమ్మడి మద్రాసుకి ముఖ్యమంత్రిగా ఉండగా 1947లో నిషేధం తొలగింది. ఆ పుస్తకం చదవండి. కోరిక రాస్తూ ఈర్ష్యని ఎక్కడా వదలకపోవడం ఆమె దగ్గర నేర్చుకోవచ్చు.

ఇంటి సంగతి. మారుపేరు బయటపడేది చాలాసార్లు కథ వల్ల కాదు, డబ్బు వల్ల. యాప్ నుంచి వచ్చే సొమ్ము నాన్నగారితో ఉన్న జాయింట్ ఖాతాలో పడితే మెసేజ్ ఆయన ఫోనుకి వెళ్ళవచ్చు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకుంటే అది మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో, చెల్లించిన సంస్థ పేరుతో సహా కనిపిస్తుంది. మీ రిటర్ను నాన్నగారి ఆడిటరు వేస్తున్నారని రాశారు, ఆయన చూస్తారు. మీ ఒక్కరి పేరున ఖాతా తెరిచి, రిటర్ను మీరే వేసుకోండి. పాఠకులు యూపీఐలో డబ్బు పంపితే అసలు పేరు కనబడుతుంది, అది ఒప్పుకోకండి. యాప్‌కి ఇచ్చిన మెయిల్, ఫోన్ నంబర్ మీ సోషల్ మీడియా ఖాతాలకి ఉన్నవి కాకుండా చూసుకోండి.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎవరికీ చెప్పకుండా రాయవచ్చు, కానీ పెళ్ళయ్యాక ఒకే ఇంట్లో ఫోను దాచుకుంటూ రాయడం కష్టం, తర్వాత తెలిస్తే రాసినదానికంటే దాచినదానికి గొడవ పెద్దదవుతుంది. సంబంధం కుదిరే దశలో అబ్బాయికి చెప్తే ఒకట్రెండు సంబంధాలు పోవచ్చు, మాట ఊరికి చేరవచ్చు. అయితే ఒప్పుకున్న మనిషి తెలిసే ఒప్పుకుంటాడు. అమ్మానాన్నలకంటే ముందు మీ అక్కకి చెప్పాలనుకుంటున్నానని రాశారు, అది మంచి ఆలోచన. ఆమెకి లింకు పంపకండి, అందులో కామెంట్లు ముందు కనబడతాయి. మొదటి భాగం నుంచి ప్రింటు తీసి ఇవ్వండి, తిరగరాసిన ముప్పై తొమ్మిది దాని వరసలోనే వస్తుంది.